సర్దారు గౌతు లచ్చన్న

మహేంద్రగిరికిని తూర్పు సముద్రమునకును నడుమ ఇచ్ఛాపురము మొదలుకొని సోంపేట, మందసా, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల మీదుగా సాగిన ఇసుక నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలందురు. కొబ్బరి, పనస, జీడిమామిడి ఈ నేలకు సిరులు. వీని నడుమ, నీరు పోయువారెవ్వరును లేకున్నను పెరిగి, గాలివానలకు తలవంచక నిలుచునది తాడిచెట్టు. ఆ చెట్టునెక్కి దిగుటయే జీవనముగా గల యొక కుటుంబమున పుట్టి, తెలుగునాట ఒక ప్రభుత్వము ఒక్క వోటుతో గద్దె దిగుటకు ముఖ్యకారకుడై, తొంబదియాఱేండ్లు జీవించిన పురుషుని చరిత్ర ఇది. ఆయనయే సర్దారు గౌతు లచ్చన్నగారు.

లచ్చన్నగారు 1909వ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన బారువ గ్రామమున చిట్టయ్య, రాజమ్మ యను దంపతులకు జన్మించిరి. బారువ మహేంద్రతనయ సముద్రమున గలియు చోటనున్న ఊరు. ఆ దినములలో అది ఓడరేవుగ నుండెను. కఱవు వచ్చిన యేట ఉద్దానపు కూలిజనము బ్రతుకు తెఱువు వెదకుకొనుచు ఓడలెక్కి రంగూనునకు పోవుచుండిరి. ఆనాడు బారువ గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లా వేఱుపడినది. కావున లచ్చన్నగారు సొంత ఊరు విడువకుండగనే మూడు జిల్లాల వారైరి. జిల్లాల పేర్లు మాఱినను బీదవాని స్థితి మాఱలేదని ఆయన కన్నులార చూచిరి.

చిట్టయ్యగారిది కల్లుగీత వృత్తి. ఆ వృత్తి యెట్టిదో ఉద్దానమున పుట్టినవారికి వేఱుగ చెప్పనక్కరలేదు. మోకును నడుమునకు చుట్టుకొని, గీతకత్తిని మొలలో దోపుకొని, ఉదయమొకమారు సాయంకాలమొకమారు చెట్టెక్కవలయును. గెలను ప్రతిదినమును పలుచగా చెక్కినగాని కుండలోనికి కల్లు జాఱదు. కొన్ని పూటలు మానినచో గెల ఎండిపోవును. పట్టు తప్పి పడినవాని నడుము విఱుగును. దానితో ఆ యింటి నడుమును విఱుగును. చెట్టు భూస్వామిది. లైసెన్సు, చెట్టుపన్ను సర్కారువి. లాభము దుకాణము పాటపాడుకొన్న కాంట్రాక్టరుది. ప్రాణాపాయము మాత్రము గీతగాని సొత్తు. ఇంతచేసియు ఆ మనిషికి సంఘమున మర్యాద తక్కువ. త్రాగువారు పెద్దమనుష్యులై యుండగా గీయువాడు చిన్నవాడగుట లోకరీతిలోని వింత.

అట్టి యింట పుట్టిన బాలుడు పలక బలపము పట్టుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. తమ్ముడో కొడుకో చేతికి వచ్చినచో మఱి రెండు చెట్లు గీయవచ్చునని చూచుకొనవలసిన బ్రతుకులవి. అయినను లచ్చన్నగారిని బడికి పంపిరి. బారువలో మొదటి చదువు ముగించుకొని ఆయన మందసాలో ఉన్నతపాఠశాల చదువు చదివిరి. పిమ్మటి కాలమున ఆ మందసా జమీ రైతుల పక్షముననే ఆయన నిలువవలసివచ్చుట విధివిలాసమనవలెను. చదువు గట్టెక్కకమునుపే దేశము పిలిచెను.

1930వ సంవత్సరమున మహాత్ముడు దండి సముద్రతీరమున ఉప్పు తీసెను. ఆ వార్త ఉద్దానమును గట్టిగా తాకెను. ఏలయన నౌపడా ఉప్పుమళ్ళు ఇచ్చటికి కొలది క్రోసుల దూరముననే యున్నవి. ఎండలో నిలిచి ఉప్పు పోగుచేయు కూలి, తన చేతి ఉప్పునే సర్కారు పన్నుతో గూడ కొనితెచ్చుకొని కూటిలో వేసుకొనుట ఈ ప్రాంతపు జనుల కన్నుల యెదుటనే జరుగుచుండెను. అప్పటికి ఇరువదియేండ్లు నిండిన లచ్చన్నగారు చదువు విడిచి ఆ సత్యాగ్రహమున దూకిరి. విదేశ వస్త్రములను అగ్నిపాలు చేసిరి. నౌపడా ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని పోలీసులకు పట్టుబడిరి. టెక్కలి, నరసన్నపేట సబుజైళ్ళలో నుంచి పిదప ఒక నెల బరంపురము జైలులో పెట్టిరి. 1932లో శాసనోల్లంఘనము మఱల సాగినప్పుడు రాజమహేంద్రవరము జైలు చూచిరి.

జైలునుండి వచ్చినవారు ఆ కాలమున పలువురు గలరు. వచ్చిన పిదప ఏమి చేసిరనునదియే వారివారి విలువను తెలుపును. లచ్చన్నగారు హరిజనోద్ధరణమునకు పూనుకొనిరి. హరిజనవాడలో రాత్రిబడి నడిపిరి. తానును సంఘమున క్రింది మెట్టుననే పుట్టిన వాడగుటచే ఆయనకు ఆ పని దయచేత చేయునది కాలేదు; తోడివానికి చేయి అందించుటవంటిదయ్యెను. పై మెట్లనుండి దిగివచ్చి సేవ చేయువారు కొందఱుందురు. తన మెట్టుననే నిలిచి, తనకంటె క్రింద నున్నవానిని లాగుకొనువారు అరుదు. లచ్చన్నగారు ఈ రెండవ జాతివారు.

ఆనాడు ఈ సీమ యంతయు మందసా, టెక్కలి, పర్లాకిమిడి, తర్లా, జలంత్ర మొదలగు జమీల క్రింద నుండెను. 1908వ సంవత్సరపు ఎస్టేట్సు లాండు చట్టము రైతునకు సాగుహక్కు నొసగినను, ఆ హక్కు నిలుపుకొనుటకు కోర్టునకు పోవలయును. కోర్టునకు పోవుటకు ధనము కావలయును. ధనమున్నచో రైతునకు ఆ కష్టమే రాకుండెడిది. కొండనుండి నాలుగు కట్టెలు తెచ్చుకొన్నను జమీవారి మనుష్యులు బండి పట్టుకొనుచుండిరి. శిస్తు ఒకవైపు, వెట్టి మఱియొకవైపు రైతును నలుపుచుండెను.

ఈ సమయమున లచ్చన్నగారికి గురువు దొరకెను. ఆచార్య యన్.జి. రంగాగారు ఆక్సుఫర్డులో చదివి వచ్చి, గుంటూరు జిల్లాలోని స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, రైతునకు తన హక్కులు తనకు తెలియునట్లు చేయుచుండిరి. ఏకలవ్యుడు గురువు బొమ్మను పెట్టుకొని విద్య నేర్చెను. లచ్చన్నగారికి గురువే ఎదురుగ నిలిచి శిష్యునిగా గైకొనెను. ఈ గురుశిష్య సంబంధము పార్టీలు మాఱినను, పదవులు వచ్చిపోయినను చెడలేదు. 1937-38 సంవత్సరములలో ఇచ్ఛాపురమునుండి మద్రాసు వరకు రైతులు కాలినడకన రక్షణయాత్ర సాగించిరి. ఉత్తరాంధ్రపు కొసనుండి బయలుదేరిన ఆ యాత్రతో ఈ ప్రాంతపు రైతుల గోడు రాజధానికి వినబడెను.

1940 మార్చి 26, 27 తేదీలలో అఖిలభారత కిసాన్ మహాసభ పలాసలో జరిగెను. దేశమంతటికిని సంబంధించిన సభ ఉద్దానపు ముంగిట జరుగుట ఆనాటి రైతులకు పండుగవంటిది. అధ్యక్షులుగా ఎన్నికైన రాహుల సాంకృత్యాయనులను ప్రభుత్వము అంతకు ముందే నిర్బంధించెను. ఆ సభ జయప్రదమగుటకు పాటుపడినవారిలో లచ్చన్నగారొకరు. సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిలు 1వ తేదీన, మందసా జమీలోని గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. అడవిలో కట్టె కొట్టుకొను హక్కు కొఱకు పుట్టిన తగవది. నిండు గర్భిణియైన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పులలో నేలకూలెను. మఱికొందఱును ప్రాణములు విడిచిరి. వీరగున్నమ్మ యని జనులు ఆ తల్లిని నేటికిని తలంచుచున్నారు. ఆమె నెత్తురు ఈ ప్రాంతపు రైతు కార్యకర్తలకు ఋణపత్రమువంటిదయ్యెను. లచ్చన్నగారు ఆ ఋణమును జీవితాంతము మఱవలేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగినప్పుడు లచ్చన్నగారి పేరు ప్రభుత్వమువారి దృష్టిలో ముందున్న పేర్లలో నుండెను. ఆయన అజ్ఞాతముగ తిరిగి పనిచేసి, పిదప పట్టుబడి, 1945 వరకు చెఱసాలలో నుండిరి. విడుదలై వచ్చునప్పటికి ముప్పదియాఱేండ్ల వాడు. దేశమునకు స్వాతంత్ర్యము దగ్గఱపడుచుండెను. ఇక కష్టకాలము గడచెనని తోడివారనేకులు తలంచిరి. లచ్చన్నగారికి అసలు పరీక్ష అప్పుడు ప్రారంభమయ్యెను.

1948వ సంవత్సరము రెండు మార్పులను తెచ్చెను. మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేయు చట్టమును చేసెను. రైతు తలమీది బరువు దిగుటకు దారి యేర్పడెను. అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, మహాత్ముని జయంతినాడు, మద్యనిషేధము మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. మొదట 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో ప్రారంభించి, యుద్ధకాలమున ఆగిపోయి, మఱల సాగిన కార్యమది. మొదటి చట్టము జమీ రైతునకు నేలనిచ్చెను. రెండవది గీతవాని చేతిలోని కత్తిని దింపించెను.

మద్యనిషేధము మహాత్ముని ఆశయములలో ముఖ్యమైనది. త్రాగి యింటికి వచ్చిన మగని చేతి దెబ్బలు తిన్న యిల్లాలి కన్నీరు అబద్ధము కాదు. కూలిడబ్బు దుకాణమున పోసి, బిడ్డలను పస్తుంచు తండ్రులను ఎఱుగని ఊరు లేదు. గాంధీజీ మాటపై చదువు విడిచి, జైలుకుపోయిన లచ్చన్నగారు ఈ సత్యమును ఎఱుగని వారు కారు. కాని ఆయన మఱియొక సత్యమును గూడ ఎఱుగుదురు. నిషేధము వచ్చిననాడు దుకాణపు కాంట్రాక్టరు మఱియొక వ్యాపారము చూచుకొనెను. చెట్టునెక్కువానికి మఱియొక చెట్టు లేదు. తండ్రి తాతలనాటినుండి వానికి తెలిసిన విద్య అదియొక్కటే. సెంటు భూమి లేదు. చాటుగ గీసినచో జైలు, గీయకున్నచో పస్తు. దొంగసారా కాచువాడు అధికారుల చేయి తడిపి తప్పించుకొనుచుండ, తాడిచెట్టుమీద మోకుతో పట్టుబడినవాడు కోర్టులో తలవంచి నిలువవలసివచ్చెను. చెట్టును దాచుటకు వీలులేదు గదా.

ధర్మము సూక్ష్మమైనదని మహాభారతము చెప్పును. రెండు ధర్మములు ఎదురుపడినప్పుడు మనుష్యుడు ఏ పక్షమున నిలుచునో అచ్చటనే వాని స్వభావము బయటపడును. లచ్చన్నగారు గురుతుల్యుడైన మహాత్ముని ఆశయమును ఒకవైపునను, తన తండ్రి చేసిన పనినే చేయు వేలకొలది జనుల ఆకలిని మఱియొకవైపునను చూచిరి. గీతవానికి భూమియో పనియో చూపి బ్రతుకుదారి కల్పింపక, వాని బ్రతుకును చట్టముతో కొట్టివేయుట న్యాయము కాదని వారి వాదము. ఈ వాదమును పైకి చెప్పుట సులభము కాదు. కాంగ్రెసువాడై యుండి కల్లును సమర్థించెనని నిందించువారుందురు. కులమునకు కొమ్ముకాచెనని వెక్కిరించువారుందురు. ఆ నిందలను భరించుటకు ఆయన సిద్ధపడిరి.

1951లో రంగాగారు కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని స్థాపించినప్పుడు లచ్చన్నగారు ఆయనతోడనే నడచిరి. అధికారమునకు దగ్గఱగనున్న పార్టీని విడిచి, క్రొత్తగ పుట్టిన పార్టీలో చేరుట లాభసాటి బేరము కాదని లెక్క తెలిసినవారెవరైనను చెప్పగలరు. అయినను ఆయన వెనుదీయలేదు. గీతపనివారిని కూడగట్టి సత్యాగ్రహములు జరిపించిరి. ఉప్పు కొఱకు జైలునకు పోయిన మనుష్యుడు స్వతంత్ర దేశమున కల్లుగీతవాని కూటి కొఱకు తిరిగి పోలీసుల యెదుట నిలువవలసివచ్చెను. ఆ రెండింటికిని ఆయనకు భేదము కనబడలేదు. బీదవాని కష్టార్జితముపై సర్కారు చేయివేయగూడదను ఒక్క సూత్రమే రెండు సందర్భములలోను ఆయనను నడపెను.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రులైరి. ప్రకాశంగారును బీదయింటి బిడ్డయే. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి ఆయనను పెంచెను. సైమన్ కమిషను వచ్చిన 1928లో మద్రాసు వీధిలో తుపాకికి ఱొమ్ము చూపిన ధీరుడాయన. 1937 మంత్రివర్గమున రెవిన్యూ మంత్రిగ నుండి, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించి, రైతు పక్షమున నివేదిక నిచ్చినదియు ఆయనయే. జమీ రైతులెవ్వరును ఆయన మేలు మఱవగలవారు కారు.

ఆ ప్రకాశంగారి ప్రభుత్వమే మద్యనిషేధమును గూర్చి విచారించుటకు రామమూర్తిగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. నిషేధము ఆశించిన ఫలమునీయలేదనియు, దానిని ఎత్తివేయుట మేలనియు ఆ సంఘము తేల్చెను. కాని ప్రభుత్వము ఆ సిఫారసును అంగీకరింపలేదు. ఆశపెట్టి తలుపు మూసినట్లయ్యెను. 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానము వచ్చెను. ఆ పోరాటమున లచ్చన్నగారు ముందు నిలిచిరి. ప్రతిపక్షమున బలముగ నున్న కమ్యూనిస్టులు తమ కారణములచేత తీర్మానమును బలపఱచిరి. లెక్కించి చూడగా ప్రభుత్వము ఒక్క వోటు తేడాతో ఓడిపోయెను. ఎనుబది రెండేండ్ల ఆంధ్రకేసరి పదవి వదలిరి. రాష్ట్రము రాష్ట్రపతి పాలనలోనికి పోయెను.

కురుక్షేత్రమున అర్జునుడు ఏ తాత యొడిలో ఆడుకొని పెరిగెనో ఆ తాతపైననే బాణము నెక్కుపెట్టవలసివచ్చెను. ఆ బాణము తగిలినందుకు అర్జునుడు సంతోషించెనని ఏ పురాణమును చెప్పలేదు. ప్రకాశంగారిని పదవినుండి దింపుట మంచిదా చెడ్డదా యని తెలుగునాట చాలకాలము వాదములు జరిగెను. క్రొత్తగ పుట్టిన రాష్ట్రమును పదుమూడు నెలలకే దిక్కులేనిదానిని చేసిరని కొందఱు నొచ్చుకొనిరి. చేయని వాగ్దానము కంటె చేసి తప్పిన వాగ్దానమే పెద్ద నేరమని మఱికొందఱనిరి. ఇరుపక్షముల వాదములలోను సత్యమున్నది. ఒక్క విషయము మాత్రము నిశ్చయము. అంతకుమునుపు శాసనసభలలో జమీందారు పేరు, వకీలు పేరు, వర్తకుని పేరు వినబడుచుండెను. ఆనాడు గీతవాని ఆకలి ఒక ప్రభుత్వము నిలుచుటకో పడుటకో కారణమయ్యెను. చెట్టుమీది మనుష్యుని లెక్కలోనికి తీసికొనక రాజ్యము చేయరాదని పాలకులకు తెలిసెను.

అయినను ఆ విజయము చేతికి పూర్తిగ అందలేదు. ప్రభుత్వము పడిపోయినను నిషేధము తొలగిపోలేదు. 1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజాపార్టీలు కలసి పోటీచేసి గెలుపొందెను. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమున లచ్చన్నగారు మంత్రియైరి. గీతవాని కుమారుడు మంత్రియగుట ఉద్దానమున ఇల్లిల్లు చెప్పుకొన్న వార్త. కాని 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరణముతో ఆ మంత్రివర్గము ముగిసెను. కోస్తా జిల్లాలలో నిషేధము తొలగుటకు 1960 దశకము చివర వరకు ఆగవలసివచ్చెను. పదునాలుగేండ్లు పైబడి గీతకుటుంబములు వేచియుండెను. రాజకీయమున ఒక్క వోటు ఒక ప్రభుత్వమును పడగొట్టగలదు గాని ఒక పూట కూడు పెట్టలేదని లచ్చన్నగారు ఎఱుగవలసివచ్చెను. ఎఱిగియు విసుగు చెందలేదు.

1959లో కాంగ్రెసు నాగపూరు సభ సహకార వ్యవసాయమును ఆమోదించెను. రైతు నేల రైతు చేతినుండి పోవునను భయము వ్యాపించెను. రాజగోపాలాచారిగారును రంగాగారును కలసి స్వతంత్ర పార్టీని స్థాపించిరి. రంగాగారు దానికి అధ్యక్షులైరి. లచ్చన్నగారు అందు చేరిరి. సేలము జిల్లాలో మద్యనిషేధమునకు మొదటి దీపము వెలిగించిన రాజాజీగారితో గీతపనివారి నాయకుడు ఒకే జెండా క్రింద నిలుచుట చూచి నవ్వినవారున్నారు. కాని ఒక విషయమున విభేదించినవారు మఱియొక విషయమున కలసి పనిచేయుట శత్రుత్వము తెలియనివారికి సాధ్యము.

గురుభక్తికి 1967 ఎన్నికలు నిదర్శనము. ఆ ఎన్నికలలో స్వతంత్ర పార్టీ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 స్థానములు గెలుచుకొనెను. లచ్చన్నగారు సోంపేటనుండి శాసనసభకును, శ్రీకాకుళమునుండి లోక్‌సభకును ఎన్నికైరి. చిత్తూరునుండి పోటీచేసిన రంగాగారు ఓడిపోయిరి. అప్పుడు లచ్చన్నగారు లోక్‌సభ స్థానమును విడిచిపెట్టి, ఉపఎన్నికలో గురువును శ్రీకాకుళమునుండి గెలిపించి ఢిల్లీకి పంపిరి. చేతికి వచ్చిన పదవిని ఇతరునికి ఒప్పగించుట రాజకీయమున ఎంత అరుదో చెప్పనక్కరలేదు. భరతుడు పాదుకలు సింహాసనముపై పెట్టిన కథ వినుటకు ఇంపైనది, అనుసరించుటకు కష్టమైనది.

సోంపేట వోటర్లు ఆయనను పలుమార్లు శాసనసభకు పంపిరి. ఆ పదవీకాలములో ఎక్కువ భాగము ప్రతిపక్షపు బల్లలమీదనే గడచెను. 1968లో ప్రభుత్వము అనంతరామన్ సంఘమును నియమించి, ఆ సంఘము నివేదికపై 1970లో వెనుకబడిన తరగతులకు విద్యలోను ఉద్యోగములలోను 25 శాతము స్థానములు కేటాయించెను. ఆ వర్గముల మేలు కొఱకు గొంతెత్తిన పెద్దలలో లచ్చన్నగారు ముందు వరుసలోనివారు. 1972-73 సంవత్సరముల జై ఆంధ్ర ఉద్యమమున ఆయన నాయకత్వము వహించిరి. ఆ ఉద్యమము కోరినది నెఱవేరలేదు. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు దానిని ఎదిరించిరి. 1978లో జనతాపార్టీ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 60 స్థానములు గెలిచినప్పుడు లచ్చన్నగారు ప్రతిపక్ష నాయకులైరి. దొరల యెదుట నిలువబడుటకు తండ్రులు జంకిన కుటుంబమునుండి వచ్చినవాడు ముఖ్యమంత్రి కెదురుగ కూర్చుండి ప్రశ్నించుట ప్రజారాజ్యముయొక్క సార్థకతను తెలుపును.

సర్దారను బిరుదు ఆయనకు ఏ ప్రభుత్వమును ఇచ్చినది కాదు. జనులే పిలిచిరి, ఆ పిలుపే నిలిచెను. ప్రభుత్వమిచ్చు బిరుదులను ప్రభుత్వము మఱచిపోవచ్చును. జనులిచ్చిన పేరు తల్లి పెట్టిన పేరువంటిది.

2006 ఏప్రిలు 19వ తేదీన లచ్చన్నగారు విశాఖపట్టణమున కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు తొంబదియాఱు. తోటపల్లి బ్యారేజికి ఆయన పేరు పెట్టిరి. అచ్చట నిలిచిన నీరు కాలువలగుండ పొలములకు పాఱునప్పుడు, రైతులు ఆ నీటితో మడి తడుపుకొనుచున్నారు. ఆ విధముగ ఆయన పేరు నీటితో కలసిపోయినది.

ఇట్టి చరిత్ర చదువునప్పుడు ఆయన చేసిన ప్రతి పనిని మెచ్చుకొనవలెనని నియమము లేదు. 1954 నాటి వోటును గూర్చి నేటికిని రెండు అభిప్రాయములుండవచ్చును. మద్యము మూలమున ఇల్లు గుల్లయైన ఆడుబిడ్డ ఆయన వాదమును అంగీకరింపకపోవచ్చును. ఆమె బాధయు న్యాయమైనదే. ఆ రెండు బాధలను ఒక్కచోట కూర్చుండబెట్టి పరిష్కరించు శక్తి ఆనాటి ప్రభుత్వములకు లేకపోయెను. లచ్చన్నగారు చేసినదెల్ల, ఎవరికిని వినబడని బాధను అందఱకును వినిపించుట. ఆయన మేడమీదికి పోయిన తరువాత నిచ్చెనను పైకి లాగుకొనలేదు. తన తండ్రి నడుమునకు చుట్టుకొన్న మోకు ఎంత బరువైనదో ఆయన శాసనసభలో కూర్చుండియు మఱవలేదు.

పుట్టుకచేత ఎవడును గొప్పవాడు కాడనియు, తన పుట్టుకను మఱచినవాడు మాత్రము చిన్నవాడగుననియు ఉద్దానపు బిడ్డలు ఈ జీవితమునుండి గ్రహింపవచ్చును. బడి దూరమైనదని, పుస్తకము ఖరీదైనదని, తమవంటివారికి ఇది తగదని వెనుకకు తగ్గు పిల్లలు ఈ తీరమున నేటికిని గలరు. బారువ ఇసుకలో ఆడుకొన్న ఒక గీతవాని కుమారుడు ఎంత దూరము నడచెనో వారికి చెప్పవలసిన బాధ్యత పెద్దలది. విన్న పిదప నడక వారిది.